వదిన మోసిన మాటలు

జూలై 8, సోమవారం

ఆరు వచ్చింది. ఆరున్నర కావాలి.

ఇంగ్లీషు పరీక్ష. వినడంలో ఏడు, మాట్లాడటంలో ఏడు, రాయడంలో ఆరున్నర. చదవడంలో ఆరు. ఈ ఊళ్ళో అచ్చు అక్షరం కనిపిస్తే ఆగిపోయేదాన్ని నేనొక్కదాన్నే. డబ్బా చేప మీద అంటించిన కాగితం కూడా వదలను. అలాంటిదాన్ని చదవడంలోనే తప్పాను.

నాన్నకి చెబితే, "అర మార్కే కదమ్మా తక్కువ. వాళ్ళనడిగి చూడు, ఇస్తారేమో" అన్నాడు. మా దగ్గర అడిగితే లేదనేవాళ్ళుండరు కాబట్టి పరీక్షవాళ్ళూ అలాగే ఉంటారనుకుంటాడు. ఆ అర కోసం బ్రిస్బేన్‌లో సీటు ఆగిపోయిందని ఎంత చెప్పినా, "మర్యాదగా అడగాలి మరి" అంటాడు.

చదివే భాగం ఒక్కటీ ఇంకోసారి రాయనిస్తారట. ఆగస్టు ఆఖరులోగా ఆరున్నర చూపిస్తే స్కాలర్‌షిప్ నాది. లేకపోతే నా వెనక ఉన్నవాళ్ళది. మొక్కల జబ్బుల చదువు. కొండ మీద నాన్న తోటలో, వేళ్ళు దంచి తాగే యంగోనా కాండాలు నల్లబడి, మెత్తబడి, మొక్క మొక్కే కూలిపోతోంది. ఎందుకు చస్తున్నాయో చెప్పే మనిషి మా దీవిలో లేడు. ఆ మనిషిని నేనవుదామనుకున్నాను.

నాకు మాటలు చాలలేదు. అంతకన్నా ఏమీ లేదు. పెద్ద మాటలు నేర్చుకోవాలి.


జూలై 9, మంగళవారం

యుబిక్విటస్ - ఎక్కడ చూసినా ఉండేది. మా ఇంట్లో కర్రపెండలంలాగా. ఎంత మంచి మాటో. పొద్దున్నుంచి నోట్లో బెల్లంముక్కలాగా చప్పరిస్తున్నాను.

అట్టముక్కలు కోసి, ఒక్కోదాని మీద ఒక్కో మాట రాసి ఇల్లంతా అంటించాను. వానపడితే కారే చోట మిటిగేట్, బాధ తగ్గించడం. పాత పడవ మీద డెరెలిక్ట్, దిక్కులేక పడి ఉన్నది. అమ్మ పొయ్యి దగ్గర అంటించినది మసిపట్టి ఊడి చేమాకు కూరలో పడింది. అమ్మ దాన్ని గరిటెతో తీసి, "ఇదేం మాట?" అంది. ఆబ్డ్యురేట్, అంటే ఎంత చెప్పినా వినని మొండి అన్నాను. "కూరలో వేస్తే మెత్తబడుతుందిలే" అని మళ్ళీ వేసింది.


జూలై 12, శుక్రవారం

ఆరోగ్య కేంద్రానికి వచ్చిన కొత్త నర్సు రాజధాని సువాలో పుట్టి పెరిగిన పిల్ల. "మీ పెదనాన్నగారి అబ్బాయి ఇసిరేలి ఆస్ట్రేలియాలో చదివొచ్చాడుగా. ఇదే పరీక్షలో తొమ్మిదికి తొమ్మిదీ తెచ్చుకున్నాడట. ఆయన్నడగొచ్చుగా" అంది.

"ఆయన నాకు అన్నయ్య" అన్నాను.

"అందుకే అడగమంటున్నా."

"అన్నయ్యతో ఎలా మాట్లాడతాం?"

జ్వరం వచ్చినదాన్ని చూసినట్టు చూసింది. "పోనీ ఫోన్లో రాసి పంపు."

నోటితో అన్నా వేలితో అన్నా మాట మాటే కదా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇసిరేలి అన్నయ్యతో నేనొక్క మాట మాట్లాడలేదు, ఆయనా నాతో మాట్లాడలేదు. ఆయన ఒక గుమ్మంలోంచి వస్తే నేను ఇంకో గుమ్మంలోంచి వెళతాను. ఆయన భోంచేస్తున్న చాప మీద కూర్చోను. ఇది కోపం కాదు, మర్యాద. సువాలో ఇప్పుడెవరూ పాటించడం లేదట. వాళ్ళ సంగతి వాళ్ళది. మా ఊళ్ళో అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటే పెద్దవాళ్ళు తలలు దించుకుంటారు.

ఇంత మర్యాద ఇవ్వాల్సిన మనిషి దగ్గర ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలో నర్సుకి తెలియదు. నాకూ తెలియదు.


జూలై 13, శనివారం

నాన్నని పంపాను. పెదనాన్న వాళ్ళది మా ఇంటికి పైన, మెట్టమీద ఇల్లు. నాన్న పొద్దున వెళ్ళి, అక్కడే యంగోనా తాగి, మధ్యాహ్నం దిగొచ్చాడు.

"ఏమన్నాడు?"

"బాగా చదవమన్నాడు."

"ఇంకా?"

"ఇంకా చాలా చెప్పాడు. చక్కగా చెప్పాడు. మంచి కుర్రాడు."

"ఏం చెప్పాడు నాన్నా?"

నాన్న ఆలోచించాడు. "బాగా చదవమన్నాడు" అన్నాడు.


జూలై 15, సోమవారం

అకోసిత వదిన ఒప్పుకుంది. ఇంతకాలం నాకెందుకు తట్టలేదో.

వదిన మా మేనత్త వరసామె కూతురు. కోఆపరేటివ్ కొట్టు నడుపుతుంది. నాకు వదిన, అన్నయ్యకి మరదలు. అంటే మా ఇద్దరితోనూ ఏమైనా అనొచ్చు, ఎంతైనా వెక్కిరించొచ్చు. ఎవరూ తప్పు పట్టకూడదు. నేను అడగాల్సింది వదినకి చెబుతాను. వదిన మెట్ట ఎక్కి బావకి చెబుతుంది. బావ చెప్పింది దిగొచ్చి నాకు చెబుతుంది.

"నాకేంటి లాభం తిలీ?" అంది.

"ఇంగ్లీషు వస్తుంది."

"వచ్చి ఎవరితో మాట్లాడాలి, డబ్బా చేపలతోనా?" అని కొట్టు తలుపు దగ్గరకి లాగేసి అప్పుడే బయల్దేరింది. తల దువ్వుకుని మరీ వెళ్ళింది.


జూలై 16, మంగళవారం

అన్నయ్య పాత పరీక్ష పేపర్ల కట్ట పంపాడు. నేను రాసి పంపితే దిద్ది పంపుతాడట. టిక్కు మాట కాదు కాబట్టి టిక్కు పెట్టొచ్చు. ఇంటూ కూడా మాట కాదు.


జూలై 18, గురువారం

అన్నీ ఇంటూలే.

'నిజం', 'అబద్ధం', 'చెప్పలేదు' అని మూడింటిలో ఒకటి రాయాల్సిన ప్రశ్నలున్నాయి. వాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఒకచోట వ్యాసంలో, రైతులు చాలామంది పాత విత్తనాలు వదిలేశారని ఉంది. కింద ప్రశ్న, పాత విత్తనాలకి దిగుబడి తక్కువ. నిజం అని రాశాను. తక్కువ కాకపోతే ఎందుకు వదిలేస్తారు? ఆ మాత్రం తెలియకనా? దానికీ ఇంటూ పెట్టాడు.

వదిన దిగొచ్చింది. పైకి వెళ్ళి చాలాసేపయింది. ఒక్క మాట అడిగి రావడానికి అంతసేపెందుకో.

"మీ అన్న ఏమన్నాడంటే, నువ్వు లేని చేపకి ముళ్ళు ఏరుతున్నావట."

"అంటే?"

"నాకేం తెలుసు. ముళ్ళు ఏరుకో."

"ఆయన ఆ మాటే అన్నాడా?"

"ఆ మాట కాదులే. ఆయన మాట పొడుగు. నేను చిన్నది చేశాను. మెట్ట దిగాలా వద్దా?"


జూలై 20, శనివారం

లాకోనిక్. తక్కువ మాట్లాడే మనిషి. అన్నయ్యకి అతికినట్టు సరిపోతుంది. గారులస్, వాగుడుకాయ. ఈ మాట ఎవరికో రాయనక్కర్లేదు.

ఈ వారం నేర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పుకుంటూ సముద్రం ఒడ్డున నడిచాను. ఒడ్డంతా నాది అనిపించింది. ఎండ్రకాయకి కూడా పేరు పెట్టాను.


జూలై 23, మంగళవారం

టైము చాలడం లేదు. మూడో వ్యాసం సగంలో ఉండగానే గంట అయిపోతోంది. తెలియని మాట దగ్గర ఆగుతున్నాను. ఆగకుండా ఎలా పోతారు? కొత్త మనిషి ఇంటి ముందు నుంచి వెళ్తుంటే 'రండి, భోంచేసి వెళ్ళండి' అని పిలవకుండా తలుపేసుకుంటామా?

అన్నయ్య సమాధానం, వదిన నోటితో: "దారిలో కనపడ్డ ప్రతి పందినీ పలకరిస్తూ పోతే బస్సు వెళ్ళిపోతుంది, ఇక పందుల్తోనే కాపురం."

"ఇది కూడా ఆయన అన్నదేనా?"

"బస్సు ఆయనది. పంది నాది. కాపురం ఇద్దరిదీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తొమ్మిది తెచ్చుకున్నవాళ్ళకి ఆరు తెచ్చుకున్నవాళ్ళు పందుల్లాగే కనపడతారు కాబోలు.


జూలై 26, శుక్రవారం

పేపర్లు దిద్దొచ్చాయి. ఈసారి టిక్కులూ ఇంటూలే కాక, వ్యాసంలో కొన్ని మాటల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టాడు. ఏ మాటలో చూస్తే ఒళ్ళు మండింది. సమ్. మెయిన్‌లీ. సెల్డమ్. అపారెంట్‌లీ. మే. బడిలో చిన్నపిల్లలకి నేర్పే మాటలు. నేను ఆబ్డ్యురేట్ దాకా వచ్చాను. నాకు 'కొన్ని' అంటే ఏమిటో తెలియదనుకుంటున్నాడు.

సున్నా కూడా మాట కాదు. కానీ నాకు మాటలాగే తగిలింది.


జూలై 27, శనివారం

వదినతో గట్టిగా చెప్పి పంపాను. "ఆయనగారికి నేను చిన్నపిల్లలా కనపడితే సాయం చెయ్యక్కర్లేదు. నా దారి నేను చూసుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏమీ కలపకు."

వదిన వెళ్ళింది. మెట్ట మీంచి అన్నయ్య నవ్వు నాకిక్కడికి వినిపించింది.

దిగొచ్చి, "చెప్పాను. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఒట్టు" అంది.

"మరి ఎందుకు నవ్వాడు?"

"నేనేం చెప్పినా నవ్వుతాడు. మరదలు నోట్లోంచి వచ్చింది వేళాకోళం కాక ఇంకేమవుతుంది?" అని, చంకలోంచి ఇంకో పేపర్ల కట్ట తీసి ఇచ్చింది.

నా కోపం మెట్టెక్కేసరికి పరాచికమైపోయింది. ఆయన చెప్పేది మెట్ట దిగేసరికి పరాచికమైపోతోంది. ఈ మెట్ట మీద ఏం పెట్టినా ఇంతే. దీనికి ఇంగ్లీషులో ఒక మాట ఉండే ఉంటుంది. వెతికే ఓపిక లేదు.


జూలై 31, బుధవారం

సగం తోట పోయింది. నాన్న పైకి పీకేసిన మొక్కలు తెచ్చి ఇంటెనక కుప్ప పోశాడు. కాండం చీల్చి చూశాను. లోపల నల్లగా గీత. చూడటం తప్ప ఏం చెయ్యాలో నాకు తెలియదు.

నాన్న అడిగాడు, "పరీక్షలో ఇది అడుగుతారా?"

"అడగరు నాన్నా."

"మరి ఏం అడుగుతారు?"

పోయినసారి తేనెటీగల గురించి, గాజు తయారీ గురించి, ఎక్కడో నదిమీద వంతెన గురించి అడిగారని చెప్పాను. నాన్న చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. "అవి కూడా తెలిసి ఉండాలేమోలే" అన్నాడు. మావాళ్ళంత మంచివాళ్ళని ఏం చెయ్యాలో తెలియదు.


ఆగస్టు 3, శనివారం

ఇంకో పాత పేపరు. బాగా రాశాననుకున్నాను. ఆరు కూడా రాలేదు.


ఆగస్టు 4, ఆదివారం

ఆదివారం చదవకూడదు. నాన్న పేపర్లన్నీ దూలం మీద పెట్టేశాడు. చర్చిలో అన్నయ్య పాఠం చదివాడు. మామూలుగా చదివాడు. ఒక్క పెద్ద మాటా లేదు.


ఆగస్టు 6, మంగళవారం

వదిన మెట్టెక్కనంది.

"నాకూ మీ అన్నకీ మాటల్లేవు. ఇప్పుడు ముగ్గురం సమానం."

"ఏమైంది?"

పంచదార గోనె మూతి కడుతోంది. కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టింది. "నీ మాటలూ ఆయన మాటలూ మోసి మోసి, నిన్న నా మాట ఒకటి చెప్పాను. నాదే. పడీ పడీ నవ్వాడు."

"ఏం మాట?"

"నీ పరీక్షలో రాదులే."

నేనింకేం అడగలేదు. పరీక్ష పదిహేడున. ఈ సమయంలో వీళ్ళకి పోట్లాట కావాల్సి వచ్చింది. ఎంత బతిమాలినా వినలేదు. ఆబ్డ్యురేట్ అని రాసిన ఆ అట్టముక్క కూరలో కాదు, కొట్టు గుమ్మానికి అంటించాల్సింది.


ఆగస్టు 7, బుధవారం

పేపరు రాశాను. దిద్దించడానికి దారి లేదు.


ఆగస్టు 8, గురువారం

మళ్ళీ నాన్నని పంపాను. "బాగా చదవమన్నాడు."


ఆగస్టు 10, శనివారం

అట్టముక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి బట్టీ పట్టాను. ఒక్కటీ తప్పలేదు. పేపరు తీసి చదివితే అవేమీ రాలేదు. వచ్చినవి చిన్న మాటలే. వాటిని చూసుకోకుండా దాటిపోయాను.

దాటిపోయాను అని రాశాక ఒకసారి ఆగాను. కాదు. ఆయన ఆ సున్నాలు చుట్టింది నన్ను తక్కువ చెయ్యడానికే.


ఆగస్టు 11, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. చేమదుంపలు, కొబ్బరిపాలలో చేప. నాన్న అరుగు మీద చాపేసుకుని పడుకున్నాడు. అమ్మ చర్చి ఆడవాళ్ళతో వెళ్ళింది. నేను వంటింట్లో గిన్నెలు బోర్లిస్తున్నాను. వంటింటికీ అరుగుకీ మధ్య రేకు గోడ ఒక్కటే.

అరుగు మీద ఎవరో కూర్చున్న చప్పుడయింది. "బాబాయ్" అన్నాడు. అన్నయ్య గొంతు.

నేను వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోవాలి. చేతిలో తడి గిన్నె ఉంది. కదిలితే చప్పుడవుతుంది. అందుకే ఆగాను. అందుకే.

"బాబాయ్, నిద్రపోతున్నారా" అన్నాడు. నాన్న గురక ఇంటి వెనక పందులకి కూడా వినపడుతోంది. "సరే, వినండి" అని, నాన్న మేలుకునే ఉన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"బాబాయ్, మీ అమ్మాయికి వచ్చినన్ని మాటలు నాకు రావు. నేను అక్కడ నాలుగేళ్ళు చదివినా రాలేదు. ఆమె రాసిన పేపర్లు చూస్తుంటే నాకు నిఘంటువు తీయాల్సి వస్తోంది. అది లోపం కాదు, గొప్ప. వదులుకోమని ఎవరైనా అంటే వినొద్దనండి."

నాన్న గురక ఆగింది. మళ్ళీ మొదలైంది. అన్నయ్య అది అయ్యేదాకా ఆగాడు, పెద్దవాళ్ళు ఏదో అంటుంటే ఆగినట్టు.

"తప్పెక్కడుందంటే బాబాయ్, మనం ఇలా పెరగడంలో ఉంది. మన ఊళ్ళో ఎవరూ ఏదీ తిన్నగా చెప్పరు. నిన్న మీరు మా ఇంటికొచ్చి, 'ఈసారి మీ చేమ బాగా ఊరింది' అన్నారు. అమ్మ వెంటనే బుట్ట నింపింది. మీరు అడగలేదు. అమ్మకి వినపడింది. మనం అలా వింటాం. చెప్పనిది వినకపోతే మనిషే కాదంటాం. ఇంగ్లీషు పేపరు రాసేవాడికి అది తెలియదు. వాడు రైతులు విత్తనాలు వదిలేశారు అంటే వదిలేశారనే. ఎందుకో వాడు చెప్పలేదు. మన అమ్మాయి పాపం వాడి బదులు తను చెబుతోంది. చెప్పలేదు అని రాయడానికి ఆమెకి చెయ్యి రావడం లేదు. అలా రాస్తే ఎదుటివాడి మనసు అర్థం చేసుకోలేదని అనుకుంటారేమోనని. నాకూ మొదట రాలేదు."

గిన్నెలో నీళ్ళు నా కాలి మీద కారుతున్నాయి.

"చిన్న మాటలకి సున్నాలు చుట్టింది అందుకే బాబాయ్. వాడు ఎంత చెప్పాడో, ఎక్కడ ఆగాడో ఆ మాటల్లో ఉంటుంది. 'కొన్ని' అంటే అన్నీ కాదు. 'కావచ్చు' అంటే అయిందని కాదు. పెద్ద మాట తెలియకపోతే పక్క మాటలు సాయపడతాయి, దాటిపోవచ్చు. వీటిని దాటితే మన పని అయిపోయినట్టే. ఆమె చిన్నబుచ్చుకుందేమో. సున్నాకి గొంతు ఉండదు కదా, ఎలా చుట్టానో ఆమెకెలా తెలుస్తుంది."

అరుగు మీద కదిలిన చప్పుడయింది. వెళ్ళిపోతాడనుకున్నాను.

"అకోసిత రావడం లేదు బాబాయ్" అన్నాడు. గొంతు మారింది. ఇది నాకోసం అన్నది కాదు, నాన్నతోనే అన్నాడు. నాన్న నిద్రపోతున్నాడు కాబట్టే అన్నాడు. "ఏదో చెప్పింది. రోజూలాగే నవ్వాను. ఆమె నవ్వలేదు. అది వేళాకోళమో నిజమో నాకు తెలియలేదు. ఇప్పుడు వెళ్ళి అడిగితే, ఒకవేళ వేళాకోళమే అయితే, ఊరంతా నా మీదే నవ్వు."

లేచాడు. "సరే బాబాయ్, ఉంటాను. మీరు చెప్పింది బాగుంది" అన్నాడు. మెట్టెక్కి వెళ్ళిపోయాడు.

నాన్న సాయంత్రం లేచి, "ఎవరైనా వచ్చారా?" అని అడిగాడు.

"అన్నయ్య వచ్చాడు."

"ఏమన్నాడు?"

"బాగా చదవమన్నాడు" అన్నాను.


ఆగస్టు 12, సోమవారం

ఒక పేపరు రాశాను. పెద్ద మాటలున్న చోట ఆగలేదు. ఒళ్ళంతా దురదపెట్టినట్టుంది, అయినా ఆగలేదు. 'చెప్పలేదు' అని రాయాల్సిన చోట రాశాను. రాసిన ప్రతిసారీ ఎవరినో ఇంటికి పిలవకుండా పంపేసినట్టనిపించింది. దిద్దేవాళ్ళు లేరు. ఈ ఒక్క పేపరుకే వెనక పేజీలో జవాబులున్నాయి, అవి చూసి నేనే టిక్కులు పెట్టుకున్నాను.

టిక్కులే ఎక్కువ.


ఆగస్టు 14, బుధవారం

సాయంత్రం సవుసవు రేవులో సువా ఓడెక్కాలి. లారీ వచ్చేలోపు కొట్టుకి వెళ్ళాను. దారికి బిస్కెట్లు కావాలని అడిగాను. వదిన ఇచ్చింది. వెక్కిరించలేదు. ఆమె వెక్కిరించకపోతే కొట్టులో అమ్మే మనిషే లేనట్టుంది.

"వదినా, ఒకటి చెప్పాలి."

"ఎవరికి చెప్పాలి? నేను మానేశానుగా."

"నీకే. అన్నయ్య అన్నది. నాతో అన్లేదు, నాన్నతో అన్నాడు. నాన్న నిద్రపోతున్నాడు."

వదిన నావైపు చూసింది.

"నువ్వన్న మాట వేళాకోళమని నవ్వలేదట. తెలియక నవ్వాడట. నిజమో కాదో తెలియలేదన్నాడు. అడగడానికి భయమన్నాడు."

నేనేమీ కలపలేదు. తీసెయ్యలేదు. ఇన్నాళ్ళూ వదిన చేసిన పని ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒకరి మాట ఇంకొకరికి అందించేటప్పుడు నోరు దానంతటదే ఏదో చేర్చబోతుంది.

వదిన త్రాసు పళ్ళెం తుడిచింది. తుడిచిందే తుడిచింది. "లారీ వచ్చింది పో. సముద్రంలో వాంతి చేసుకుంటే గాలి ఎటుందో చూసుకుని చేసుకో" అంది.


ఆగస్టు 17, శనివారం. సువా, పిన్నివాళ్ళ ఇల్లు

రాశాను.

మూడు వ్యాసాలూ అయ్యాయి. చివర కొంచెం టైము మిగిలింది కూడా. పూర్వం ఉప్పు ఎలా తవ్వారో, పిల్లలు ఆటలు ఎందుకు మానేస్తారో, ఏదో పక్షి దారి ఎలా పోల్చుకుంటుందో. ఆ పక్షి వ్యాసంలో నాకు తెలియని మాట ఒకటి వచ్చింది. ఎంత అందంగా ఉందో. గబగబా ముందుకి వెళ్ళిపోయాను. బయటికొచ్చాక గుర్తు తెచ్చుకుందామంటే ఒక్క అక్షరం రాలేదు. ఇప్పుడు దాన్ని ఎక్కడని వెతకను.

పిన్ని, "బాగా రాశావా?" అంది. తెలియదన్నాను. "తెలియదంటే బాగా రాసినట్టే" అంది. ఇలాంటి మనుషుల మధ్య పెరిగి ఈ పరీక్ష రాయాలి.


ఆగస్టు 20, మంగళవారం

ఇల్లు. ఫలితం రాలేదు. ఫోనుకి సిగ్నలు అందేది కొట్టు అరుగు మీదే. పొద్దుట నుంచి అక్కడే కూర్చున్నాను. వదిన నన్ను లెక్కచెయ్యకుండా పని చేసుకుంటోంది. మెట్ట వైపు ఒక్కసారీ చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ బిగించి నిలబడింది.


ఆగస్టు 21, బుధవారం

రాలేదు. నాన్న మిగిలిన తోటకి కంచె వేస్తున్నాడు, జబ్బు కంచె దాటదన్నట్టు.


ఆగస్టు 22, గురువారం

ఏడు.

ఆరున్నర కాదు, ఏడు. మూడుసార్లు చదివాను. చదవడంలో వచ్చిన ఏడు కాబట్టి దాన్నే సరిగ్గా చదివానో లేదోనని వదిన చేత కూడా చదివించాను. వదిన కొట్టులో ఉన్నవాళ్ళందరికీ చదివి వినిపించింది. పాస్టరుగారి భార్య అక్కడే నిలబడి ప్రార్థన చేసింది. ఎవరో నాన్న కోసం కొండ మీదకి కేక వేశారు. నాన్న పలుగుతో సహా పరుగెత్తుకొచ్చి, "చూశావా, మర్యాదగా అడిగితే ఇచ్చారు" అన్నాడు. ఎవరిని అడిగావని నేనడగలేదు. అంతమందిలో ఏడుస్తూ నిలబడిన మనిషికి ఏం చెబుతాం.

అన్నయ్యకి ఎవరో చెప్పే ఉంటారు. జనం తగ్గాక ఆయన కొట్టు వెనక దారిలో వచ్చాడు. నేను లోపలికి, బియ్యం గోనెల వెనక్కి వెళ్ళాను. వదినతో తక్కువ గొంతుతో ఏదో అన్నాడు. వెళ్ళిపోయాడు.

వదిన నా దగ్గరికొచ్చి నిలబడింది. "మీ అన్న సంతోషించానని చెప్పమన్నాడు."

"ఇంకా?"

"అంతే."

"నువ్వేం కలపలేదా?"

"అంతే అన్నాడు తిలీ. అది చెప్పడానికే మూడుసార్లు మొదలుపెట్టాడు."

వదిన చెయ్యి పట్టుకున్నాను. "అలా కాదు వదినా. మామూలుగా చెప్పు. ఎప్పుడూ చెప్పినట్టు చెప్పు."

వదిన నన్ను కిందికీ పైకీ చూసింది. "ఏమన్నాడంటే, ఇన్నాళ్ళూ పందుల్ని పలకరించిన పిల్ల బస్సెక్కేసింది, ఇక పందులకి ఇంగ్లీషు చెప్పేదెవరు అని ఊరి పందులన్నీ మా ఇంటి ముందు బైఠాయించాయి, మీ మరదల్నైనా పంపమంటున్నాయి అన్నాడు."

గోనె మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, ఏది ఎక్కువో తెలియదు.

"నువ్వేం చెప్పమంటావు?" అంది.

ఇంత కాలం పోగేసినవన్నీ తిరగేశాను. గుండె నిండిందనడానికి నాకు నాలుగు మాటలు వచ్చు. వాటిలో ఏది పంపినా వదిన నోట్లో పందో చేపో అయిపోతుంది, ఆయన నవ్వుతాడు. అలాగే నవ్వనీ అనుకున్నాను. "నీ ఇష్టం. ఏదైనా చెప్పు" అన్నాను.

వదిన కొట్టు తాళాలు తీసి నా ఒళ్ళో పడేసింది. "నీది చెబుతాను. తర్వాత నాది చెబుతాను. ముందే చెబుతున్నా, నాది చెప్పేటప్పుడు నవ్వితే మెట్ట మీంచి తోసేస్తాను" అని నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ ముడి బిగించుకుని వెళ్ళింది.

అప్పటి నుంచి పంచదార నేనే తూస్తున్నాను. కిరోసిన్ ఎక్కడుందో తెలియదు. రొట్టెల కోసం వచ్చినవాళ్ళు వరసలో నిలబడి గొణుగుతున్నారు. పొద్దు వాలుతోంది, వదిన దిగిరాలేదు. మెట్ట మీంచి నవ్వూ వినపడటం లేదు, కేకా వినపడటం లేదు.

"అకోసిత ఏది? కొట్టొదిలి ఎక్కడికెళ్ళింది?" అని అందరూ నన్నే అడుగుతున్నారు.

పరీక్షకి వెళ్ళిందని చెబుతున్నాను.